వేపపువ్వూ, పదమూడు రాష్ట్రాలూ

ఈ ఏడాది ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేయకూడదని మా సమాఖ్య తీర్మానించింది. ఆ పచ్చడి కూడా మేము కలపకూడదట. కేటరింగ్ ఆయనెవరో కలిపి, చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోసి, మూతలు బిగించి పంపిస్తాడట. సిడ్నీలో ఉన్న తెలుగు పెద్దలమంతా ఒకే హాల్లో వరసగా కూర్చుని ఆ మూతలు విప్పుకుని, చేదు లేని పచ్చడి నాకి, కొత్త సంవత్సరంలోకి అడుగు పెట్టాలట.

ఇది అన్యాయం. ఆ మాట ముందే అనేశాను కనుక ఇక నిదానంగా చెబుతాను. నిదానంగా ఎందుకంటే, ఈ అన్యాయానికి తలుపు తీసిపెట్టిన వాణ్ణి నేనే. ఆ సంగతి సిడ్నీలో మా పేట క్వేకర్స్ హిల్‌లో అందరికీ తెలుసు. రోజుకు ఒకరైనా గుర్తు చేస్తూనే ఉంటారు.

క్వేకర్స్ హిల్‌లో మేము కొద్దిమంది ముసలివాళ్ళం. పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. ఉగాది ఉదయం మా అమ్మాయి గరాజ్‌లోంచి కారు బయటపెట్టి, దుప్పటి పరిచి, రెండు కుండలు పెట్టుకోవడం మా అలవాటు. ఒక కుండ మా ఆవిడది. గుంటూరు వైపు పద్ధతి, చిక్కగా ఉంటుంది, అరచేతిలో వేసుకుని తింటాం. రెండోది మా వీధి చివర ఉండే వరంగల్ పెద్దమనిషిది. ఆయన ఫిజిక్స్ మేష్టారుగా రిటైరయ్యాడు. వాళ్ళ పచ్చడి పల్చగా ఉంటుంది. పుట్నాలపప్పు, కొబ్బరి తేలుతుంటాయి, గ్లాసులో పోసుకుని తాగుతారు. మొదటి ఏడాది ఈ రెండు కుండల మధ్య పెద్ద రభసే జరిగింది. ఆయన మాదాన్ని చట్నీ అన్నాడు, నేను వాళ్ళదాన్ని షర్బత్ అన్నాను. అప్పుడు మా ఆవిడ ఒక నియమం పెట్టింది. ఎవరైనా సరే ముందు పక్కవాళ్ళ కుండలోది రుచి చూడాలి, ఆ తర్వాతే తమది. అప్పటినుంచీ మా గరాజ్‌లో అదే చట్టం.

ఇక్కడ ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. చిగుళ్ళూ ఉండవు, కోయిలా ఉండదు. మామిడికాయ దొరకని ఏడు పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తరిగి వేస్తాం. అన్నిటికీ సర్దుకున్నాం గాని వేపపువ్వు దగ్గర మాత్రం మా ఆవిడ సర్దుకోలేదు. బ్రిస్బేన్‌లో మా దూరపు బంధువుల పెరట్లో వేపచెట్టు ఉంది. పూత రోజుల్లో వాళ్ళు దులిపి, ఎండబెట్టి, పోస్టులో పంపిస్తారు. ఆవిడ దాన్ని బిస్కెట్ల డబ్బాలో పోసి, మూతకు గుడ్డ చుట్టి, నెలల తరబడి కాపాడుతుంది. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. డాక్టరు దగ్గర, బస్సులో, షాపులో ఆవిడ తరఫున ఎప్పుడూ ఇంకొకరే మాట్లాడతారు. ఉగాది ఉదయం మాత్రం ఆవిడను అడక్కుండా ఎవరూ బెల్లం ముక్క కూడా వెయ్యరు. నెల ముందునుంచే ఫోన్లు మొదలవుతాయి. "ఆంటీ, చింతపండు ఎప్పుడు నానబెట్టాలి?" "ఆంటీ, ఆపిల్ చెక్కు తీయాలా?" ఆ నెలంతా ఆవిడ ఫోన్ పట్టుకునే తీరే వేరుగా ఉంటుంది, కలెక్టరు పట్టుకున్నట్టు.

మరి సమాఖ్య ఎందుకు వచ్చింది? హాళ్ళ వల్ల. మాలాంటి గుంపులు సిడ్నీలో ఏరియాకొకటి ఉన్నాయి. అందరికీ అదే రోజు అదే హాలు కావాలి. ఇన్సూరెన్సు కాగితం లేకపోతే హాలు ఇవ్వరు, చిన్న గుంపులకు ఇన్సూరెన్సు దొరకదు. అందరం కలిస్తే పనవుతుందని పోయినేడు ఒక మీటింగ్ పెట్టారు. పిలవకపోయినా నేను ఉపన్యాసానికి సిద్ధమై వెళ్ళాను.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. నరసరావుపేటలో నాకు చిత్తుకాగితాల కొట్టు ఉండేది. బడిలో చదివింది తక్కువ. మిగతా చదువంతా తక్కెడలోంచి వచ్చింది. తూకానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ పొట్లాలవాళ్ళకు అమ్మే ముందు చదివేవాణ్ణి. నాకు సగం వైద్యం తెలుసు, సగం జ్యోతిషం తెలుసు, మోటారు రిపేరులో ఇంజను విప్పడం వరకూ తెలుసు. బిగించడం ఉన్న పేజీలు నాదాకా రాలేదు. అలాగే ఒకసారి అమెరికా తొలిరోజుల గురించిన తెలుగు పుస్తకం, నడుముకు చిరిగిపోయినది, వచ్చింది. మొదటి సగమే.

ఆ సగం నన్ను పట్టుకుని వదల్లేదు. యుద్ధం గెలిచి స్వతంత్రం తెచ్చుకున్న పదమూడు రాష్ట్రాలు. పైన ఒక కాంగ్రెస్. అది పన్ను వెయ్యలేదు, అడుక్కోగలదు అంతే. సైనికులకు జీతాలు ఇవ్వలేదు. ఒక రాష్ట్రం సరుకు మీద పక్క రాష్ట్రం సుంకం వేస్తుంది. ఒకచోట అప్పుల్లో మునిగిన రైతులు తిరగబడితే ఆపడానికి కేంద్రానికి దిక్కు లేదు. చివరికి ఎండాకాలంలో ఫిలడెల్ఫియాలో ఒక హాల్లో చేరి, మాటలు బయటికి పొక్కకుండా కిటికీలు మూసుకుని, ఉడికిపోతూ బలమైన కేంద్రానికి రాజ్యాంగం రాసుకున్నారు. ఒక బుల్లి రాష్ట్రం అసలు ఎవరినీ పంపలేదు. అక్కడితో నా పుస్తకం చిరిగిపోయింది. తర్వాత అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళి ఉంటారనుకున్నాను. నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

పోయినేడు మీటింగులో ఆ నలభై ఏళ్ళ నిలవ సరుకంతా దించాను. డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు కూర్చున్న సభ. "చేతిలో అధికారం లేని కేంద్రం గుమ్మంలో గుర్ఖా లాంటిది. సలాం కొడుతుంది, దొంగను పట్టదు" అన్నాను. నవ్వారు. నవ్వు వినపడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. నియమావళిలో ఒక వాక్యం ఉండి తీరాలని పట్టుబట్టాను: "సమాఖ్య మేలుకు అవసరమనిపించిన ప్రతి పనీ చేసే అధికారం కేంద్ర కమిటీకి ఉండును." ఆ "ఉండును" కూడా నాదే. పెద్ద చప్పట్లు. అధ్యక్షురాలిగా ఎన్నికైన విశాఖపట్నం అమ్మాయి, పళ్ళ డాక్టరు, నా దగ్గరికి వచ్చి, "అంకుల్, యూ ఆర్ సూపర్. ఆ సెంటెన్స్ ఒక్కటి చాలండి మాకు" అంది. నిజంగానే ఆ ఒక్కటి చాలింది.

తీర్మానం వాట్సాప్‌లో వచ్చింది. పిల్లలు చేదుకు మొహం తిప్పుకుంటున్నారు కనుక వేపపువ్వు వద్దు. ఇళ్ళలో చేసిన తిండి హాల్లో పంచితే ఇన్సూరెన్సు చిక్కు కనుక కేటరింగ్. ఒకే రోజు, ఒకే హాలు, ఒకే పచ్చడి. కింద నా వాక్యమే, "ఉండును"తో సహా.

మా ఆవిడ అప్పుడు డబ్బాలోంచి పువ్వు తీసి పుల్లలు ఏరుతోంది. చదివి వినిపించాను.

"ఎవరంట చెప్పింది?"

"కేంద్రం."

"ఆ కేంద్రాన్ని తెచ్చిందెవరు?"

నేను కిటికీలోంచి చెత్త బిన్ల వైపు చూశాను. ఆ రోజు బిన్లు తీసుకెళ్ళే రోజు కూడా కాదు.

ఆవిడ ఏరిన పువ్వును డబ్బాలో పోసి, మూత బిగించి, స్టూలు వేసుకుని అల్మారా పై అరలో, సూట్‌కేసుల వెనక పెట్టేసింది. ఆ వారం చింతపండు గురించి ఒక్క ఫోనూ రాలేదు. ఆవిడ తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టి ఊరుకునేవాణ్ణి. పై అరలోకి వెళ్ళిన ఆ డబ్బాతోనే చిక్కొచ్చింది. పడుకుంటే కనిపిస్తుంది, లేస్తే కనిపిస్తుంది.

అందుకని లైబ్రరీకి వెళ్ళాను. అమెరికా రాజ్యాంగం గురించి పుస్తకం కావాలని వచ్చిన ఇంగ్లీషులో అడిగాను. కౌంటర్లో ఉన్నావిడ పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి, దిండంత పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. బొమ్మల పుస్తకం నాకు చాలా ఉపయోగపడింది. దిండు కూడా, నిఘంటువు పక్కన పెట్టుకుని, కొంత.

తెలిసిందేమిటంటే, చప్పట్లు కొట్టి ఇళ్ళకు ఎవరూ వెళ్ళలేదు. చివరిదాకా కూర్చున్నవాళ్ళలోనే ముగ్గురు సంతకం పెట్టం పొమ్మన్నారు. ఊళ్ళలో అగ్గి రాజుకుంది. ఇంత బలమైన కేంద్రం రేపు మా రాష్ట్రాలను మింగేస్తుంది, ఒక రాజును వదిలించుకుని ఇంకో రాజును తెచ్చుకుంటామా, మనుషుల హక్కులు ఎక్కడ రాశారు అని సగం దేశం అడిగింది. ముఖ్యంగా "అవసరమైనవన్నీ చేయవచ్చు" అన్న మాటల మీద విరుచుకుపడ్డారు. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగి వచ్చాను. రెండు వందల ఏళ్ళ క్రితం వాళ్ళకు ఒళ్ళు మండించిన వాక్యాన్నే నేను తొడగొట్టి మరీ మా నియమావళిలో పెట్టించాను. చివరికి హక్కులు రాస్తామని మాటిచ్చి, పది సవరణలు చేర్చి, అందులో పదోదిగా కేంద్రానికి ఇవ్వనిదంతా రాష్ట్రాలదీ జనానిదీ అని రాస్తేగాని గొడవ సద్దుమణగలేదట.

ఇదంతా నా పుస్తకం రెండో సగంలో ఉండేది. అది ఏమైందంటారా? కొట్టు నాది, తక్కెడ నాది. ఇంకో కట్టలో వస్తే చూసుకోకుండా నేనే ఏ బజ్జీల బండికో తూచి అమ్మి ఉంటాను. ఆ సాయంత్రం నరసరావుపేటలో ఎవరో రాష్ట్రాల హక్కుల్లో మిరపకాయ బజ్జీలు తిని, నూనె చేతులు వాటికే తుడుచుకుని ఉంటారు.

ఆ రోజుల్లో రెండు వైపులవాళ్ళూ రోమన్ పేర్లు తగిలించుకుని పత్రికల్లో వ్యాసాలు రాసేవారని కూడా చదివాను. రాసిందెవరో తెలియకపోతే మాట మీదే చర్చ నడుస్తుందని. ఈ పద్ధతి నాకు విపరీతంగా నచ్చింది. రోమన్ పేర్లు నాకు నప్పవు కనుక "పల్నాటి పౌరుడు" అని పెట్టుకున్నాను. పచ్చడి మీద, స్వేచ్ఛ మీద పెద్ద వ్యాసం రాశాను. "ఓ సమాఖ్య ప్రజలారా!" అని మొదలుపెట్టి, "ఇట్లు, పల్నాటి పౌరుడు" అని ముగించి సమాఖ్య వాట్సాప్ గ్రూపులో వదిలాను. వదిలి, ఏమీ ఎరగనట్టు కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

మొదటి జవాబు: "గుడ్ మార్నింగ్ అంకుల్." రెండోది: "నైస్ అంకుల్." మూడోదానిలో గులాబీ పువ్వు బొమ్మ, పైన నా పేరు.

అంతలో మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, ట్రైన్‌లో ఉన్నా. ఆ మెసేజ్ నువ్వే పెట్టావు కదా?"

"ఎవరో పౌరుడు రాసినట్టున్నాడమ్మా. బాగా రాశాడు."

"నాన్నా, పైన నీ పేరుంది. పక్కన నీ ఫొటో ఉంది. మంకీ క్యాప్ పెట్టుకున్నది."

"పేరు కింద రాశాను కదా, పౌరుడని?"

"కింద నువ్వు ఏం రాసుకున్నా పైన నువ్వే ఉంటావు నాన్నా. డిలీట్ చెయ్యకు, అది కూడా తెలుస్తుంది. ఆర్వోలో వచ్చి మాట్లాడతా."

ఇక్కడివాళ్ళు మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారు. ఆ ఆర్వో నాకు చాలా పొడుగ్గా గడిచింది.

అమ్మాయికంటే ముందు వరంగల్ పెద్దమనిషి వచ్చాడు. చేతిలో ఫోను, ముక్కు మీద కళ్ళద్దాలు.

"ఏందన్నా గిది? పోయినేడు సెంటర్‌కు బలముండాలె అని మైకు విరగ్గొట్టినవ్. గిప్పుడు అదే సెంటర్ మీద లొల్లి. ఎవని దిక్కున్నవ్ నువ్వు?"

"అమెరికాలోనూ అంతే" అన్నాను. "కేంద్రం కావాలని ఇద్దరు స్నేహితులు కలిసి వ్యాసాలు రాశారు. తర్వాత అందులో ఒకాయన రాష్ట్రాల వైపుకు వెళ్ళిపోయాడు. ఇద్దరికీ మాటల్లేవు."

"ఆయనంటే పెద్దమనిషి, తర్వాత ప్రెసిడెంట్ గూడ అయిండు. నువ్వేమైతవ్?" అని కుర్చీ లాక్కున్నాడు. ఆయన అదంతా ఎప్పుడు చదివాడో నాకు తెలియదు, అడగలేదు కూడా. "సరే, నీ అమెరికా పక్కకు వెట్టు. గీ రాసిన దాంట్ల, 'పచ్చడి అనగా చిక్కగా ఉండవలెను' అని ఉన్నది. మా కుండ యాడవోయింది?"

నేను ఫోను తీసుకుని చూశాను. ఉంది. స్వేచ్ఛ గురించి పేరా మీద పేరా రాసుకుపోతూ, మధ్యలో చిక్కదనం మీద ఆయనకు వినబుద్ధి కాని వాక్యాలు కొన్ని జారవిడిచాను. షర్బత్ అన్న మాట కూడా ఉంది.

"అది పోలిక కోసం..."

"గంతే అన్నా. నీ హక్కైతే హక్కు, మాదైతే పోలిక."

వంటింట్లోంచి మా ఆవిడ టీ తెచ్చింది. ఆయనకు కప్పు అందిస్తూ నన్ను అడిగింది.

"ఏమండీ, మీ అమెరికావోళ్ళు ఉగాది చేస్తారా?"

"చెయ్యరు."

"మరి వాళ్ళనెందుకు మధ్యలోకి లాగుతారు? పువ్వు వెయ్యనియ్యండి, మా కుండలు మేం పెట్టుకుంటాం అని అడిగితే చాలదా?"

"అట్ల అడిగితే అన్నకు నిద్ర పట్టదమ్మా" అన్నాడు వరంగల్ పెద్దమనిషి. "ముందుగాల పదమూడు రాష్ట్రాలు దిగాలె, ఎనకాల పచ్చడి దిగాలె."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను టీలో చక్కెర తక్కువైందన్నాను. తక్కువ కాలేదు.

అయినా వాళ్ళు చెప్పినట్టు ఒక్క ముక్కలో అడిగే మనిషిని కాను కదా. ఆ రాత్రి కూర్చుని పది సవరణలు రాశాను. పది ఎందుకంటే వాళ్ళు పది రాశారు గనుక. నిజానికి నాకు కావలసినవి రెండే. మిగతా వాటికోసం చాలా కష్టపడ్డాను. హాల్లో ముందు వరస కుర్చీలు మోకాళ్ళ నొప్పులవాళ్ళకే ఉండాలని ఒకటి. మైకు దగ్గర ఉన్న మనిషిని గంట కొట్టి దింపరాదని ఒకటి. అది పూర్తిగా స్వార్థం. తొమ్మిదోది వేపపువ్వు. పదోది ఇలా ఉంది: "ఏ కుండ ఏ రుచిలో ఉండవలెనో ఆ కుండ పెట్టినవారి ఇష్టము. చిక్కనిదైనను, పల్చనిదైనను." "పల్చనిదైనను" అన్న మాట వరంగల్ పెద్దమనిషి పక్కన నిలబడి రాయించాడు. షర్బత్ అన్నది నా తప్పేనని ఆయన ఎదుటే గ్రూపులో పెట్టాను. ఈసారి పౌరుడి పేరు లేకుండా, మంకీ క్యాప్‌తోనే.

సవరణలు అధ్యక్షురాలికి పంపాను. చదివినట్టు నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు. మరునాడూ రాలేదు. మాట్లాడదామని ఫోన్ చేస్తే క్లినిక్‌లో అమ్మాయి తీసి పన్ను నొప్పా అని అడిగింది. నొప్పే, పన్నుది కాదు అన్నాను. ఆ అమ్మాయికి తెలుగు రాదు, నాకు ఆ వేళాకోళానికి ఇంగ్లీషు రాదు. పన్ను క్లీనింగ్‌కు అపాయింట్‌మెంట్ ఇచ్చి పెట్టేసింది. వెళ్ళి చేయించుకున్నాను కూడా. అధ్యక్షురాలు నా నోట్లో అద్దం పెట్టి చూస్తున్నంతసేపూ రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడాలని ప్రయత్నించాను. "అంకుల్, నోరు తెరిచే ఉంచండి" అంది. జీవితంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. తెరిచి ఉన్న నోరు దేనికీ పనికిరాలేదు.

ఉగాది దగ్గర పడింది. బయట వీధిలో ఆకులు ఎర్రబడ్డాయి. డబ్బా పై అరలోనే ఉంది. మా ఆవిడ ఈ ఏడు చింతపండు కొననేలేదు. షాపులో ఆపిల్స్ దగ్గరికి వెళ్ళి, ఆకుపచ్చవి చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేసింది. నేను బండి నెట్టుకుంటూ వెనకే ఉన్నాను. చూడనట్టు నటించాను. మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి ఆపిల్స్ కొనుక్కొచ్చాను. ఎర్రవి తెచ్చానట.

ఆ ఎర్ర ఆపిల్స్ ముందు కూర్చుని ఉండగా, చివరికి జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

"నమస్తే అంకుల్. లేట్ రిప్లైకి సారీ, క్లినిక్ ఫుల్ బిజీ. మీ పది సవరణలూ కమిటీలో చదివాం. మొదటి ఎనిమిదీ తర్వాత చూద్దాం అన్నారు. వేపపువ్వు ఓకే. కేటరింగ్ క్యాన్సిల్ చేసేశాం. హాల్ కిచెన్‌లోనే కలిపితే ఇన్సూరెన్స్‌కి ప్రాబ్లమ్ లేదంట, కనుక్కున్నాను. ఆంటీ, వరంగల్ అంకుల్ పొద్దున్నే వచ్చి దగ్గరుండి కలిపించాలి, రెండు కుండలూ పెట్టండి. పువ్వు డబ్బా పైన పెట్టేశారంట, మీ అమ్మాయి చెప్పింది, ఆంటీని దించమనండి. తను చెప్పిన మీ గరాజ్ రూల్ కూడా మాకు చాలా నచ్చింది. సో సిటీ మొత్తానికి అదే పెడుతున్నాం: ఎవరైనా ముందు పక్కవాళ్ళ కుండ టేస్ట్ చెయ్యాలి, చేదు ఉమ్మకూడదు, ఈ రెండు పచ్చళ్ళు తప్ప వేరేది అలౌ చెయ్యం. లివర్‌పూల్ ఏరియా వాళ్ళు అప్పుడే గొడవ మొదలెట్టారు, మా అరటిపండు ముక్కల పచ్చడి ఏం పాపం చేసిందని. ఎవరి కుండ వాళ్ళిష్టం అని మీ పదోది పట్టుకుని అడుగుతున్నారు. నేను మీ పాత సెంటెన్స్ చూపించాను, అవసరమనిపించిన ప్రతి పనీ చేసే అధికారం ఉండును అని. ఇంకా అబ్జెక్షన్స్ ఉంటే మీకే రాయమన్నాను అంకుల్. కలంపేర్లతో రాసినా పర్లేదు, ఎవరో పైన కనిపిస్తుంది కదా."